బటన్ వాళ్లచేతే నొక్కించు

షాపూర్‌నగర్,
హైదరాబాదు.

చి. చిన్నికి పెద్దమ్మ దీవించి రాసేది,

నువ్వు క్షేమంగానే ఉంటావు గానీ వేళకు తింటున్నావన్న నమ్మకం మాత్రం నాకు లేదు. పరవాడలో ఆ ఫ్యాక్టరీ వాళ్లు నిన్ను రాత్రి షిఫ్టులో కూడా ఉండమంటున్నారని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచీ అదే ధ్యాస, ఎందుకంటే రాత్రి షిఫ్టు క్యాంటీను నాకు కొత్త కాదు, పన్నెండు దాటాక వెళ్తే దొరికేది గడ్డకట్టిన ఉప్మా, మరిగి మరిగి చేదెక్కిన టీ. బ్యాగులో నాలుగు అరటిపళ్లు, ఒక పొట్లం వేయించిన పల్లీలు పడేసుకో. గౌను, మాస్కు, టోపీ తొడుక్కుని లోపలికెళ్లాక దాహం వేసినా బయటికి రాబుద్ధి కాదు కదా, వెళ్లేముందే కడుపునిండా నీళ్లు తాగు.

మొన్న ఫోన్లో నువ్వు ఎంత సంబరంగా చెప్పావో! ఇదివరకు ఒక ఫ్యాక్టరీ ఈ డీప్ లెర్నింగ్‌ను ప్రయత్నించి చూద్దామనుకుంటే కోడ్ రాసే ఇంజనీర్లను పిలిపించాలి, నెలల తరబడి కూర్చోబెట్టాలి, డబ్బు పోసి తీరా పనికొస్తుందో రాదో తెలిసేసరికి ఏడాది తిరిగిపోతుంది, ఇప్పుడు మీరు చేసిన సాఫ్ట్‌వేర్‌తో ఒక ల్యాప్‌టాప్, ఒక కెమెరా, ఒక పూట చాలు అన్నావు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదమ్మా. సంతోషమే ఎక్కువ. నేను ఉద్యోగమంతా ఇంజెక్షన్ సీసాల్లో నలుసులున్నాయేమో చూస్తూనే గడిపాను, నా పక్క బూత్‌లలో కూర్చున్న ఆడవాళ్లందరి మెడలూ కళ్లూ ఆ పనికే అరిగిపోయాయి, ఇప్పుడు మా ఇంటి పిల్ల ఆ పని దగ్గరికే వేరే దారిన వచ్చి నిలబడింది. ఆ సంతోషంలోంచే ఈ ఉత్తరం రాస్తున్నాను, మధ్య మధ్య నా భయాలు కూడా చెబుతాను, విసుక్కోకు.

నీకు తెలిసినవే అయినా ఇంకోసారి విను. హాల్లో వరసగా బూత్‌లు, ఒక్కొక్కదాంట్లో సగం నల్లబోర్డు, సగం తెల్లబోర్డు, పైన లైటు. సీసాను మెడ దగ్గర పట్టుకుని, బుడగలు లేవకుండా మణికట్టుతో మెల్లగా తిప్పి, నలుపు ముందు 5 సెకన్లు, తెలుపు ముందు 5 సెకన్లు. గాజు పెంకైతే నలుపు మీద తళుక్కుమంటుంది, కాలిన నలుసో రబ్బరు తునకో అయితే తెలుపు మీద బయటపడుతుంది, దారప్పోగు మాత్రం రెండు చోట్లా ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతుంది. సీసా దగ్గర వెలుగు 2,000 నుంచి 3,750 లక్స్ మధ్య ఉండాలని నియమం, రంగు గాజుకూ ప్లాస్టిక్‌కూ ఇంకా పెంచి 10,000 దాకా వెళ్తాం. ఏటా కంటి పరీక్ష, గంట గంటకూ కాసేపు విరామం. కొత్తగా చేరిన అమ్మాయిలకు నేను మొట్టమొదట చూపించేది ఒక్కటే, తిప్పడం ఆపి ఊపిరి బిగబట్టి చూడు, పైకి పోయేది బుడగ, కిందికి దిగేది నలుసు. అది చేతికి పట్టుబడటానికి వారాలు పట్టేది, పట్టుబడ్డాక ఇక జన్మలో పోదు, ఇప్పటికీ సెలైన్ బాటిల్ చూస్తే నా చెయ్యి దానంతటదే తిరుగుతుంది, మొన్న మీ పెదనాన్నకు జ్వరమొచ్చి ఎక్కించినప్పుడు నర్సమ్మ నన్ను వింతగా చూసింది.

మా కంపెనీకి మొదటి ఆటోమేటిక్ మెషిన్ వచ్చిన రోజుల్లో నువ్వు బొమ్మలు వేసుకునే వయసులో ఉన్నావు. ఆ మెషిన్ సీసాను గిర్రున తిప్పి ఠక్కున ఆపేది. సీసా ఆగినా లోపలి మందు తిరుగుతూనే ఉంటుంది, ఆ కాస్త వ్యవధిలో వరసగా ఫోటోలు తీసి ఒకదాన్నొకటి పోల్చుకునేది, కదలనిదంతా గాజు మీది గీత, కదిలిందంతా లోపలి నలుసు. ఎంత తెలివైన ఆలోచనో అని మురిసిపోయాం. కానీ బుడగ కూడా కదులుతుంది కదా! మంచి సీసాలు ట్రేల కొద్దీ రిజెక్షన్‌లో పడేవి, వాటన్నిటినీ మళ్లీ మేమే చేత్తో చూడాల్సి వచ్చేది, మెషిన్ వచ్చాక మా పని తగ్గకపోగా పెరిగిందని అందరూ గొణుక్కునేవాళ్లు. ఎంత మెరిస్తే తప్పు, ఎన్ని చుక్కలు కలిస్తే నలుసు అనే అంకెలన్నీ ఎవరో చేత్తో పెట్టాలి, మందు మారినా సీసా సైజు మారినా ఆ అంకెలు మార్చడానికి కంపెనీ మనిషి రావాలి, అతనొచ్చేదాకా మేనేజర్లు మా మీద అరవాలి. ఆ అంకెలు మా చేతికి ఎవరూ ఇవ్వలేదు, ఏ సీసాలో ఏముందో తెలిసిన వాళ్లం మేమే అయినా.

అందుకే నువ్వు చెప్పే కొత్త పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది అంకెల బదులు బొమ్మలతో నేర్పడం. 2012లో ఆ ఇమేజ్‌నెట్ పోటీలో పన్నెండు లక్షలకు పైగా ఫోటోలు చూసి నేర్చుకున్న నెట్‌వర్క్ అందర్నీ దాటిపోయిందనీ, అలా కుక్కలూ పక్షులూ కార్లూ చూసి అంచులూ మెరుపులూ గరుకుదనం గుర్తుపట్టడం నేర్చుకున్న నెట్‌వర్క్‌నే తీసుకొచ్చి సీసాల ముందు కూర్చోబెడితే మొదటినుంచీ నేర్పక్కర్లేదనీ నువ్వు ఓపిగ్గా చెప్పావు. ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది, చెడ్డ సీసాలు చూపించకుండానే నేర్పొచ్చనడం. జర్మనీలో మ్యూనిచ్ వాళ్లు, ఎంవీటెక్ వాళ్లు, 2019లో పెట్టిన బొమ్మల సంకలనం గురించి చెప్పావు గుర్తుందా, మాత్రలు, జిప్పులు, స్క్రూలు, తోలు, చెక్క, అన్నీ కలిపి 15 రకాలు, 5,354 బొమ్మలు, నేర్చుకోడానికి ఇచ్చినవన్నీ మంచివే, లోపాలున్నవి పరీక్షకు మాత్రమే. ఫ్యాక్టరీ సంగతి తెలిసిన వాడెవడో ఆలోచించి పెట్టిన పద్ధతి అది. నడుస్తున్న ఫ్యాక్టరీలో మంచి సీసాలు లక్షల్లో దొరుకుతాయి, లోపమున్నది ఎప్పుడో ఒకటి, అదీ ప్రతిసారీ కొత్త వేషంలో. పగుళ్ల ఫోటోలు వెయ్యి తెండి, అప్పుడు చూద్దాం అంటే ఏ చిన్న యూనిట్ వాడు తేగలడు? మంచివి ఇరవై ముప్పై చూపించి మొదలుపెట్టండి అంటే బాలానగర్ షెడ్డులో గాస్కెట్లు కోసుకునే వాడు కూడా ఒక చెయ్యి వేసి చూస్తాడు. ప్యాచ్‌కోర్ లాంటి పద్ధతులు మంచి బొమ్మల్లోని చిన్న చిన్న ముక్కల్ని గుర్తుంచుకుని, కొత్త బొమ్మలో వాటికి దేనికీ పోలని ముక్క కనబడితే అక్కడ ఎర్రగా చూపిస్తాయనీ, ఇంటెల్ వాళ్ల అనోమలిబ్‌లో అలాంటివన్నీ ఉచితంగా దొరుకుతాయనీ చెప్పావు. ఇచ్చేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు, మీరు చేస్తున్నదల్లా దాన్ని కోడ్ రాని మనిషి ముందు పెట్టడం. "చేస్తున్నదల్లా" అన్నానని చిన్నబుచ్చుకోకు, అదే అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు.

నువ్వు టెన్త్‌లో ఉన్నప్పుడు మన వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకు కొత్తగా ఏటీఎం కార్డు వస్తే నిన్ను తోడు తీసుకెళ్లింది. నేను కూరగాయలు కొనుక్కొస్తూ అద్దంలోంచి చూశాను. ఇంకెవరైనా అయితే కార్డు లాక్కుని టకటకా నొక్కేసి డబ్బు చేతిలో పెట్టేవాళ్లు. నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డావు, పిన్ నొక్కేటప్పుడు అటు తిరిగావు, ఆవిడ తప్పు బటన్ నొక్కితే కార్డు బయటికొచ్చింది, ఏం కాదత్తా, మళ్లీ పెట్టు, అది ఏమీ అనుకోదు అన్నావు. వెనక క్యూలో వాళ్లు సణుగుతున్నా కదల్లేదు. ఆ తర్వాత ఆవిడ ఎవర్నీ తోడు పిలవలేదు. మీరు చేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పు పోయినా ఏదీ చెడదనీ, ఎప్పుడైనా వెనక్కి పోవచ్చనీ, మొదటి బటన్ ఆపరేటర్ అమ్మాయే నొక్కేలా పెట్టామనీ నువ్వు చెబుతుంటే నాకు ఆ అద్దం గదే కళ్లముందు కనబడింది. అది ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు నువ్వు.

ఇక నీలం చుక్క సంగతి. నువ్వు నవ్వుతూ చెప్పేశావు గానీ నేను మర్చిపోలేకపోతున్నాను. మొదటి ట్రయల్‌లో లోపాలున్నవని ముందే తెలిసిన డిఫెక్ట్ కిట్ సీసాలు పెడితే మెషిన్ ఒక్కటి కూడా వదలకుండా పట్టేసింది, మేనేజర్లు చప్పట్లు కొట్టారు, నీ పక్కనున్న పెందుర్తి అమ్మాయి మాత్రం స్క్రీన్ మీద ఎర్రగా వెలిగే చోటు చూసి, మేడమ్, నలుసు అడుగున ఉంటే ఇది మూత మీద వెలుగుతోందేంటి అంది. కిట్ సీసాలకు కలిసిపోకుండా మూత మీద పెట్టుకునే నీలం చుక్కను చూసి తోసేస్తోంది అది, లోపలి నలుసును చూసి కాదు. ఆ ఎర్ర మరక చూపించకుండా మంచిది, చెడ్డది అని మాత్రమే చెప్పే సాఫ్ట్‌వేర్ అయి ఉంటే ఆ చప్పట్లతోనే అది లైన్ ఎక్కేది కదమ్మా. నువ్వు వెంటనే అందరిముందూ ఆ అమ్మాయి పట్టుకుందని చెప్పి, రిపోర్టులో ఆమె పేరు రాయించావట. మీ అమ్మ ఈ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది, రెండోసారి కూడా కొత్తగానే విన్నాను.

కానీ చుక్క చెరిపేసినంత మాత్రాన అయిపోలేదు, అది అడుగుదామనే అసలు కలం పట్టాను. ఒక్కో సీసాను తిప్పుతూ చాలా ఫోటోలు తీస్తారు కదా. వాటిలో కొన్ని నేర్పడానికీ మిగతావి పరీక్షకూ పంచేటప్పుడు ఫోటోలను పంచుతున్నారా, సీసాలను పంచుతున్నారా? ఒకే సీసా ఫోటోలు అటూ ఇటూ పడితే అది చూసిన సీసానే మళ్లీ చూస్తుంది, నూటికి నూరు తెచ్చుకుంటుంది, కొత్త లాట్ వచ్చిన రోజు తెల్లమొహం వేస్తుంది. ప్రయత్నించే వాళ్లకు ఈ తేడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ ఉండకూడదు, సీసా నంబరు అడిగి మీ సాఫ్ట్‌వేరే ఆ పంపకం చెయ్యాలి. 2025 జూలైలో యూరప్ వాళ్లు మందుల తయారీలో ఏఐ గురించి చర్చకు పెట్టిన ముసాయిదాలో, అనుబంధం 22లో, పరీక్ష బొమ్మలు నేర్పిన బొమ్మలతో కలవకూడదని గట్టిగానే రాశారని నువ్వే పంపావు. వాడుకలో తనంతట తాను మారిపోతూ ఉండే మోడల్‌ను కీలకమైన చోట పెట్టొద్దనీ, నమ్మకం చాలనప్పుడు ఊహించి చెప్పకుండా తేలలేదని చెప్పేలా ఉండాలనీ కూడా అందులో ఉంది. మీ స్క్రీన్ మీద మంచిది, చెడ్డది పక్కన "తేల్చుకోలేకపోతున్నాను" అని మూడో బటన్ పెట్టించావు చూడు, ఆపరేటర్లకు కూడా, దానికోసం మీ వాళ్లతో ఎంత వాదించి ఉంటావో ఊహించుకోగలను. మా రోజుల్లో ఆ మాట నోట వస్తే, కళ్లద్దాలు మార్చుకో అనేవాళ్లు.

మనిషి కన్ను కూడా ఖాయంగా చెప్పలేదని మాకు తెలిసింది ఆలస్యంగానే. అమెరికాలో జూలియస్ నాప్, హెరాల్డ్ కుష్నర్ అని ఇద్దరు 1980లో అచ్చువేసిన పద్ధతి ఉంది, ఇప్పటికీ దానిపేరు నాప్ టెస్టే. అవే సీసాలను అవే కళ్లకు, సంగతి చెప్పకుండా, మళ్లీ మళ్లీ చూపించి, ఒక్కో సీసాను ఎన్నిసార్లు తోసేశారో లెక్కపెడతారు. పదిలో ఏడుసార్లకు తక్కువ కాకుండా తోసేసిన సీసాలే అసలు లోపమున్నవి, ఆ సీసాల దగ్గర మెషిన్ మనుషులకు తీసిపోకూడదు. మొదటిసారి ఆ టెస్టు మా మీద పెట్టినప్పుడు, పొద్దున తోసేసిన సీసానే మధ్యాహ్నం మంచిదన్నామని తెలిసి కొందరు ఏడ్చారు. తర్వాత మాకు అర్థమైంది, అది మా తప్పు వెతకడానికి పెట్టింది కాదు, నలుసే అంత చిన్నది. మీ ట్రయల్ పక్కనే ఈ టెస్టు కూడా పెట్టించు చిన్నీ. మెషిన్‌కు నూటికి తొంభై తొమ్మిది వచ్చిందని గోడమీద అంటించే కంటే, ఈ సీసాలో అమ్మాయిలు పదికి ఎనిమిదిసార్లు పట్టారు, మెషిన్ పదికి పది పట్టింది, ఆ సీసాలో వాళ్లు తొమ్మిది, ఇది రెండే, అని సీసా సీసాకూ రాసిపెడితే, చూసేవాళ్లకు దేన్ని నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ప్రయత్నించడం తేలిక చెయ్యండి, ఎంతైనా తేలిక చెయ్యండి, నమ్మడం మాత్రం దానికి తగినంత కష్టంగానే ఉండనివ్వండి. ఆ సీసాలోది ఎవరి నరంలోకి వెళ్తుందో నేను నీకు చెప్పక్కర్లేదు.

ఇక ఆ అమ్మాయిల ఉద్యోగాల సంగతి. నువ్వు అడగలేదు గానీ నీ గొంతులో ఉంది. ఎనిమిది గంటలు లైటు ముందు కూర్చునే పని చెయ్యి జారిపోతుంటే నేనేమీ కన్నీళ్లు పెట్టుకోను, ఆ పని చేసినవాళ్లకు సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల హోంవర్కు అక్షరాలు కూడా మసకగా కనబడేవి. కానీ వాళ్లకు తెలిసింది పారెయ్యకూడదు. మెషిన్ తేల్చుకోలేని సీసాలు ఎవరు చూస్తారు, కొత్త మందు వచ్చినప్పుడు మంచివి ఇవీ అని ఏరి ఎవరిస్తారు, ఎర్ర మరక తప్పు చోట వెలిగితే ఎవరు గుర్తుపడతారు, ఈ పనులు ఫలానా వాళ్లవని ట్రయల్ రిపోర్టులోనే పేర్లతో సహా రాయించు. తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు, నాకు తెలుసు. పైవాళ్లతో మాట్లాడేటప్పుడు కోపం తెచ్చుకోకు, నీకు కోపమొస్తే మాట ఇంగ్లీషులోకి మారిపోతుంది, అప్పుడు వాళ్లు నిన్ను చిన్నపిల్ల అనుకుంటారు. నెమ్మదిగా, మొండిగా అడుగు.

ఇంకొక్కటి, లైటు. మీ కుర్రాళ్లకు కంప్యూటర్ మీద ఉన్న మోజు లైటు మీద ఉండదు. అదే మ్యూనిచ్ వాళ్లు 2025లో తెచ్చిన రెండో సంకలనంలో మందు సీసాలు కూడా ఉన్నాయనీ, వెలుగు మార్చి తీసిన బొమ్మలు పెడితే మొదటి సంకలనంలో తొంభై తొమ్మిది తెచ్చుకున్న పద్ధతులే బాగా వెనకబడ్డాయనీ చెప్పావు కదా. నాకేం ఆశ్చర్యం వేయలేదు. కిటికీ పక్క బూత్‌లో కూర్చున్న వాళ్ల రిజెక్షన్ మధ్యాహ్నానికి మారిపోవడం మేం చూశాం. కెమెరా చుట్టూ నల్లగుడ్డ కట్టించు, లైటు వెలిగించగానే ఫోటోలు మొదలుపెట్టకుండా కాసేపు కుదురుకోనివ్వు, షిఫ్టు మొదట్లో లక్స్ మీటరు పెట్టి అంకె రాయించు. సాఫ్ట్‌వేర్‌లోనే మొదటి తెర ఆ అంకె అడిగేలా పెడితే ఇంకా మంచిది, మాటవరసకు అంటున్నాను, మీ వాళ్లతో ఆలోచించు.

సోమవారం నుంచి ఆంబర్ సీసాలు మొదలుపెడుతున్నారట. ఆ గోధుమరంగు గాజులో దారప్పోగులు సగానికి సగం దాక్కుంటాయి, అందుకని మంచి బొమ్మలు తీసేముందు ఆ సీసాలు ఏ ఏ గాజు కంపెనీ నుంచి వచ్చాయో స్టోర్స్‌లో అడుగు, ఒక్కొక్కరి గాజు రంగు ఒక్కో తీరు, ఒక్క సప్లయర్ సీసాలతోనే నేర్పితే రెండోవాడి లాట్ మొత్తం ఎర్రగా వెలుగుతుంది. ఆ పెందుర్తి అమ్మాయిని ఈ ట్రయల్‌కు కూడా పక్కన ఉంచుకో, ఆమె ఒప్పుకుంటేనే సుమా, రాత్రి షిఫ్టైతే ఇంటికి బండి ఏర్పాటు చేయించిన తర్వాతే. మీ అమ్మ గోంగూర పచ్చడి సీసా పంపుతానంటోంది, అనకాపల్లి రైలు దిగే మీ బాబాయితో అందుతుంది. ఆంబర్ సీసాలు ఎలా వచ్చినా, బాగా వచ్చినా రాకపోయినా, ఆ రాత్రే ఫోన్ చెయ్యి, పదకొండైనా నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ